టేపు లాగిన ఆదివారం

పెళ్లయి భిలాయి వచ్చిన కొత్తలో నా భర్త నన్ను "మీరు" అనేవారు.

"మీరు టీ తాగారా?" "మీరు కూర్చోండి." "మీకు ఫ్యాన్ ఫాస్ట్ చేయాలా?" ఇలా ఉండేది వరస. మా విజయనగరంలో పెళ్లాన్ని అంతలా మన్నించే మొగుణ్ని నేను చూడలేదు. మా నాన్న అమ్మని మీరు అన్నాడంటే ఆ పూట ఇంట్లో గొడవైందని అర్థం. అందుకని మొదటి వారమంతా ఈయనకి నా మీద ఏదో కోపం ఉందనుకుని, కూరలో ఉప్పెక్కువైందేమో, నా తమ్ముడు పెళ్లిలో ఏమైనా వాగాడేమో అని కుమిలిపోయాను.

తరవాత తెలిసింది అసలు సంగతి. ఆయన పుట్టింది, పెరిగింది, చదివింది అంతా ఇక్కడే. ఇంట్లో అమ్మానాన్నలతో ఓ గుప్పెడు తెలుగు, గడప దాటితే అంతా హిందీ. నాతో మాట్లాడాలంటే లోపల "ఆప్" అనుకుని, దాన్ని జాగ్రత్తగా తెలుగులోకి మార్చుకుని బయటికి వదిలేవారు. అది "మీరు" అయి నా ముందు వాలేది. నా హిందీ సంగతి అంతకంటే ఘోరం. బడిలో చదివిన హిందీ కాగితం మీద బాగానే నడుస్తుంది గాని, పవర్ హౌస్ అనే పేట బజారులో కూరగాయలమ్మేవాడు గబగబా ఏదో అడిగితే అన్నిటికీ తలూపేదాన్ని. అలా తలూపే ఒకసారి మూడు కిలోల ముల్లంగి ఇంటికి తెచ్చాను.

అంటే మేమిద్దరం ఒకే ఇంట్లో, ఒకే గదిలో, ఎంతో మర్యాదగా, పక్కపక్క బెర్తులు దొరికిన ప్రయాణికుల్లా కాపురం చేస్తున్నామన్నమాట.

ఇక కారు సంగతి చెప్పాలి.

మా ఇల్లు భిలాయి-3లో. మావయ్య ఉక్కు కర్మాగారంలో రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లది. ఇంటితోపాటే కారూ కొన్నారు. దానిమ్మ గింజల రంగు. పొద్దున్నే ఆయన మొహం కడుక్కునే ముందు కారు మొహం కడిగేవారు. బకెట్టు, రెండు గుడ్డలు, ఆ రెండో గుడ్డ అత్తయ్య పాత సిల్కు చీరలోంచి చింపింది. అది తడి గుడ్డతో కలిసిందంటే ఇంట్లో ఎవరికీ టిఫిను రుచించదు.

నేను కాపురానికి రాకముందే ఒకసారి ఆ కారు రాయపూరు వెళ్లొచ్చిందట. హైవే మీద ముందు ఒక కంకర లారీ. దాన్ని దాటడానికి చోటు లేదు, వెనక పడడానికి మావయ్యకి మనసొప్పలేదు. ఆ దారంతా కంకర చిటపటా ఎగిరి బోనెట్టు మీద పడింది. ఇంటికొచ్చి చూసుకుంటే బోనెట్టు ఆటలమ్మ పోసి తగ్గిన పిల్లవాడి మొహంలా ఉందట. రంగు లేచిపోయి, అక్కడొక పెసరబద్దంత, ఇక్కడొక ఆవగింజంత తెల్లటి మచ్చలు. అప్పట్నుంచీ మావయ్య ఆ కారుని హైవే ఎక్కించలేదు. రోజూ తుడిచేటప్పుడు ఒక్కొక్క మచ్చ దగ్గరా చెయ్యి ఆపి, వేలితో తడిమి, నిట్టూర్చి ముందుకెళ్లేవారు. దెబ్బలు తగిలిన పిల్లకి మందు రాస్తున్నట్టే ఉండేది.

ఊళ్లోనే సుపేలాలో ఒక పెయింటింగ్ షెడ్డుకి తీసుకెళ్తే, అక్కడి మేస్త్రీ బోనెట్టు మొత్తం గీకి కొత్త రంగు కొట్టాలన్నాడట. "కంపెనీ రంగు గీకీడానికి తెచ్చినానేటి నీ దగ్గిరికి?" అని మావయ్య అచ్చ శ్రీకాకుళం తెలుగులో అడిగి, అతనికి అర్థం కాకముందే వెనక్కి తిప్పుకుని వచ్చేశారు. అత్తయ్య జాలిపడి తన ఎర్ర గోళ్లరంగుతో ఒక మచ్చ పూడ్చబోతే రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఇదంతా నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఒకరోజు నా భర్త దుకాణం నుంచి వచ్చి, గది తలుపు దగ్గరగా వేసి, జేబులోంచి ఒక చిన్న పెట్టె తీశారు. ఆయనకి పవర్ హౌస్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. నాకోసం ఏ చెవిదుద్దులో అనుకుని నేను అప్పటికే సిగ్గుపడ్డం మొదలుపెట్టాను. పెట్టె తెరిస్తే లోపల గోళ్లరంగు సీసాల్లాంటివి మూడున్నాయి. ఒకటి బూడిద రంగు, ఒకటి దానిమ్మ రంగు, ఒకటి నీళ్లలా తెల్లగా ఉంది.

"ఇది పాపా కారు కోసం" అన్నారు గుసగుసగా. "డోర్ దగ్గర స్టిక్కర్ మీద రంగు నంబర్ ఉంటాది కదా, ఆ నంబర్ చూసి ఆన్‌లైన్‌లో మంగాయించాను. మమ్మీ, పాపా ఇద్దరూ ఆదివారం రాయపూర్ వెళ్తారు. మనం ఇంట్లోనే చేసేద్దాం. మీరు నాకు సాయం చేస్తారా?"

చెవిదుద్దులు కాకపోయినా పరవాలేదనిపించింది. ఈయన నన్నొక దొంగతనానికి పిలుస్తున్నారు! పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి చేయబోయే మొదటి పని అది. ఆ వారమంతా ఫోనులో వీడియోలు చూశాం. అత్తయ్య అటుగా వస్తే గభాలున మార్చేసేవాళ్లం. ఆవిడ మా ఇద్దరి తలలూ ఒకే ఫోను మీద వాలి ఉండడం చూసి, ఏదో అనుకుని, చప్పుడు చేయకుండా వెళ్లిపోయేది.

ఆదివారం బంధువులింట్లో బారసాల. అత్తయ్య, మావయ్య పొద్దున్న రైలుకి రాయపూరు వెళ్లారు. మావయ్య గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, కారు మీద ఎండుటాకు తీసి మళ్లీ వెళ్లారు. వాళ్ల ఆటో మలుపు తిరిగిందో లేదో మేం బకెట్టు తీసుకుని పరిగెత్తాం.

చలికాలం మొదలైన రోజులు. వరండా ముందు రేకుల నీడలో కారుని ఉంచి, షాంపూతో కడిగి తుడిచాం. మచ్చల దగ్గర తుప్పు చుక్కలుంటే నీళ్ల కాగితంతో మెల్లగా రుద్దారాయన. గరుకు కాగితంలో అది బాగా నున్ననిది, నీళ్లలో తడిపి వాడతారు. తరవాత స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, ఒక్కొక్క మచ్చలో బూడిద రంగు పునాది. అది ఆరేదాకా మెట్టు మీద కూర్చుని బఠానీలు ఒలిచాం. ఇద్దరం చెరోవైపూ. మధ్యలో బఠానీల గిన్నె.

"మీకు బోర్ కొట్టట్లేదు కదా?" అన్నారు.

"లేదండి" అన్నాను. అంతే సంభాషణ.

అసలు రంగు వంతు వచ్చింది. సీసా మూతకున్న కుంచె ఆ మచ్చలకి మరీ లావు. ముట్టిస్తే చుట్టూ పాకుతోంది. "అగ్గిపుల్ల చెక్కి ముంచితే?" అన్నాను. ఆయన నా వైపు చూసి, "వాహ్" అన్నారు. ఆ వాహ్‌కి నా తల ఎంత ఉబ్బిందంటే, అగ్గిపుల్ల నేనే లాక్కుని, ఒక్కొక్క మచ్చలో ఒక్కొక్క బొట్టు దించుకుంటూ పోయాను. బొట్టు దిగ్గానే దానంతటదే మచ్చ అంచుల దాకా పరుచుకుని నిలిచేది. మచ్చ మాయం! నాకు వెర్రి ఆనందం వచ్చేసింది. ఊపిరి బిగబట్టి, నాలుక పళ్లమధ్య పెట్టుకుని వేస్తున్నానట. అది చూసి ఆయన నవ్వుకుంటున్నారట. నాకు తెలీదు.

హెడ్‌లైట్ పక్కన ఒక మచ్చ మాత్రం కొంచెం పొడుగ్గా, అంచు మీద ఉంది. రంగు లైటు అద్దం మీదికి కారకుండా దానికి ఒకవైపు కాగితం టేపు అంటించాం. నేను ఆ మచ్చలో రంగు వేసి ఇటు తిరిగాను. ఆయన వంగి చూసి, రెండోవైపు టేపు లేదని గమనించి, కంగారుగా అన్నారు:

"టేప్, టేప్! అక్కడ టేప్ లగాండి, జల్దీ!"

లాగండి అంటే లాగాను.

మామూలుగా కాదు. జల్దీ అన్నారు కదా, చటుక్కున ఒక్క గుంజు గుంజాను. టేపుతోపాటు తడి రంగు సాగి వచ్చింది. దానితోపాటు మచ్చ అంచున ఎప్పట్నుంచో వదులైన పాత రంగు పెళ్ల కూడా లేచి వచ్చేసింది. పెసరబద్దంత ఉన్న మచ్చ చింతపిక్కంత అయి కూర్చుంది.

ఆయన రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు. "అరే! ఏటి చేసేవ్ నువ్వు! లగా అన్నాను కదా, లగా!"

"లాగేను కదండీ!"

"లాగేవ్, కానీ లగాలేదు!"

"ఇంకేటి లాగాలండీ, అంతా ఊడొచ్చేసింది!" అని, నాకు భయమేసి, ఇంకేం మిగిలిందా అని చూస్తే తరవాత వాడదామని నంబరు ప్లేటు మీద అతికించి ఉంచిన ఇంకో టేపు ముక్క కనిపించింది. పోనీ అదీ లాగమంటున్నారేమోనని దాన్నీ లాగేశాను.

నా ఒక చేతిలో ఒక టేపు, రెండో చేతిలో ఇంకో టేపు. ఆయన నా చేతుల్లోకి చూశారు. నా మొహంలోకి చూశారు. ఏదో మెరిసినట్టుంది ఆయనకి.

"లాగడం అంటే తెలుగులో... ఖీంచ్‌నా?" అన్నారు నెమ్మదిగా.

"లాగడమంటే లాగడమే. పీకడం."

"హిందీలో లగానా అంటే అంటించడం. పెట్టడం."

నేను ఆలోచించాను. ఈయన ఇన్నాళ్లూ నాతో ఏమేం "లగాయించారో" అన్నీ వరసగా గుర్తొచ్చాయి. మొదటి రోజుల్లో ఒక సాయంత్రం "తలుపు లగాండి" అన్నారు. నేను తలుపుని నావైపు బాగా లాగి బార్లా తెరిచి పెట్టాను. పాపం ఆ పూట దోమలు కుడుతున్నా ఏమీ అనలేదు. మొన్న చలిగా ఉన్న రాత్రి "పరదా లగాండి" అంటే పక్కకి లాగేశాను. అది చెప్పాను.

"అందుకేనా!" అన్నారాయన. "నేను అనుకున్నాను, ఈవిడకి ఖుల్లా గాలి ఇష్టం అని! చలికి వణుకుతూ పడుకున్నాను!"

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. నాకు నవ్వొస్తే చప్పుడు రాదు, ఊపిరాడదు, నేల మీద చతికిలబడిపోతాను. ఆయనకి నవ్వొస్తే కుక్కర్‌లా ఈల వస్తుంది. ఆ ఈల విన్నది అదే మొదటిసారి. దాన్ని విని నేను ఇంకా నవ్వాను, నన్ను చూసి ఆయన ఇంకా ఈల వేశారు. కడుపు పట్టుకుని బంపరుకి జేరబడ్డాం. పక్కింటి దీదీ గోడ మీంచి తల పెట్టి, "కా హోగే బహూ?" అని ఛత్తీస్‌గఢీలో అడిగింది, ఏమైందమ్మా అని. ఆయన చెప్పబోయారు. "దీదీ, మైనే కహా లగావ్..." అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయి మళ్లీ ఈల. దీదీకి ఒక్క ముక్కా అర్థం కాలేదు గాని, మమ్మల్ని చూసి ఆవిడా పళ్లన్నీ కనబడేలా నవ్వి, తల ఆడించుకుంటూ వెళ్లింది.

నవ్వు కాస్త తగ్గాక కళ్లు తుడుచుకుంటూ అన్నాను, "మీరు నన్ను నువ్వు అన్నారు."

ఆయన మొహం పాలిపోయింది. "సారీ. గల్తీ సే, పొరపాటున వచ్చేసింది. నేను ఎప్పుడూ అలాగ..."

"కాదండీ. బావుంది."

"బావుందా?"

"మా ఊళ్లో అలాగే అంటారు. మీరు మీరంటుంటే నేనేదో మన ఇంటికొచ్చిన తాసిల్దారు గార్ని అయినట్టుంది."

కాసేపు కింద చూస్తూ టేపు ముక్కని ఉండ చుట్టారు. చెవులు ఎర్రబడ్డాయి. "అయితే..." అని గొంతు సవరించుకుని, పరీక్షలో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా, "నువ్వు టీ తాగుతావా?" అన్నారు.

టీలు చాలా తాగాను జీవితంలో. ఆ టీ మాత్రం నాకు నేల మీద నడుస్తూ తాగినట్టు గుర్తు లేదు.

పని మాత్రం మిగిలే ఉంది, అదీ చింతపిక్కంత. పెళ్ల లేచిన చోట అంచులు చేతికి తగలకుండా నీళ్ల కాగితంతో మళ్లీ నున్నగా రుద్దాం. మళ్లీ తుడిచి, మళ్లీ పునాది. ఈసారి ఒకేసారి నింపకుండా, పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత. పూతకీ పూతకీ మధ్య మాటలే మాటలు. ఆయన మాటలు నాకెక్కడ తప్పుగా అర్థమయ్యాయో, నావి ఆయనకెక్కడ బోల్తా కొట్టాయో అన్నీ తవ్వుకున్నాం. ముల్లంగి కథ చెబితే ఆయన మళ్లీ ఈల. చివరికి అన్నిటి మీదా మెరుపు పూత, ఆ నీళ్లలాంటి సీసాలోది.

ఒక్క భయం మిగిలింది. మా వీధిలో గాలి తోలితే ఎర్రమట్టి లేస్తుంది. తడి రంగు మీద అది వాలిందంటే అంతా గరుకు. గుడ్డ కప్పితే అంటుకుంటుంది. అప్పుడు నాకు వంటింట్లో అన్నం మీద ఈగలు వాలకుండా మూసే జాలీ మూతలు గుర్తొచ్చాయి. చిన్నవీ పెద్దవీ అన్నీ తెచ్చి, లోపలివైపు పల్చటి కాగితం అంటించి, బోనెట్టు మీద వరసగా బోర్లించాం. దూరం నుంచి చూస్తే కారు మీద విందు వడ్డించినట్టుంది.

సాయంత్రం మేం అనుకున్న దానికంటే ముందు రైలుకే వాళ్లు వచ్చేశారు. తీసే టైము లేదు. గేటు తీస్తూనే అత్తయ్య ఆగిపోయింది.

"ఓలమ్మా, నా జాలీ మూతలు కారు మీదేటే!"

మావయ్య చేతిలో మిఠాయి డబ్బా అరుగు మీద పెట్టారు. కళ్లజోడు మార్చుకున్నారు. ఒక మూత ఎత్తి పక్కన పెట్టారు. ఇంకోటి ఎత్తారు. అలవాటుగా ఆయన వేలు ఒక మచ్చ ఉండే చోటికి వెళ్తోంది.

"ముట్టుకోకండి మావయ్యా, ఆరలేదు!" అని అరిచేశాను.

అప్పటిదాకా ఆయన ఎదుట నా గొంతు ఎవరూ విని ఉండరు. ఆయన వేలు గాల్లోనే ఆగింది. నా మొహం చూసి, కొడుకు మొహం చూసి, ఆ నుదుటి మీద ఉన్న దానిమ్మ రంగు మరక చూశారు.

"టార్చి తే" అన్నారు.

టార్చి వేసి, వంగి, ఒకవైపు నుంచి వెతికారు, తరవాత రెండోవైపు నుంచి. "ఇక్కడుండాల కదా ఒకటి. దాని పక్కన చిన్నది. ఏటైపోనాయి?" రోజూ తడిమి తడిమి కళ్లు మూసుకున్నా చెప్పగలిగే మచ్చలు కనిపించకపోయేసరికి, తప్పిపోయిన పిల్లల్ని వెతుక్కుంటున్నట్టు బోనెట్టు చుట్టూ తిరుగుతున్నారు. హెడ్‌లైటు దగ్గరికి వచ్చాక టార్చి ఆగింది.

"ఇదేటి? ఇంత పెద్దది ఇక్కడ లేదే!"

"నేను లాగీసేను మావయ్యా" అన్నాను.

"లాగీడమేటి?"

నా భర్త, నేను ఒకరి మాట ఒకరు లాక్కుంటూ మొత్తం చెప్పాం. తలుపు సంగతి ఎగరగొట్టేద్దామనుకున్నాను గాని ఈయన ఆపుకోలేక అదీ చెప్పేశారు. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని గోడకి జేరబడింది. మావయ్య మాత్రం నవ్వలేదు. టార్చి ఆర్పి, మెట్టు మీద కూర్చుని, గంభీరంగా మొదలుపెట్టారు.

"నాను ఊర్నుంచొచ్చి ప్లాంట్లో జేరిన కొత్త. హిందీ ఒక్క ముక్క రాదు. బెల్టు నడిపే మెషీను దగ్గిర నిలబెట్టినారు. పంజాబీ ఫోర్‌మేను దూరం నుంచి చెయ్యూపుతూ 'చాలూ కర్, చాలూ కర్!' అని ఒకటే అరుపు. చాలంటన్నాడు కదాని నాను ఆపీసినాను. వాడు మళ్లీ చాలూ అంటాడు. ఆపీసినాను కదరా, ఇంకేటి చాలు! అని నానూ అరిసినాను. వాడు పరిగెట్టుకొచ్చి తలపాగా తీసి నేలకేసి కొట్టినాడు. చాలూ అంటే నడిపించమని, నాకేటి తెలుసు!"

అని, అప్పుడు నవ్వారు. నవ్వితే ఆయనకీ అదే ఈల! తండ్రీ కొడుకులిద్దరూ చెరో మెట్టు మీద కూర్చుని ఈలలు వేస్తుంటే, అత్తయ్య నా భుజం మీద వాలి, "ఈ ఇంట్లో పడ్డాం గదే మనం!" అంది. ఆ "మనం" విని నాకు ఆవిణ్ని గట్టిగా పట్టేసుకోవాలనిపించింది. పట్టేసుకున్నాను కూడా.

పక్క రోజు సాయంత్రం నా భర్త దుకాణం నుంచి వచ్చేసరికి మావయ్య వరండాలో తాళం చెవి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ తాళం చెవి ఎవరి చేతికీ ఇచ్చే మనిషి కాదాయన.

"రంగు బాగా ఆరాలంటే గాలి తగలాల" అన్నారు, ఎటో చూస్తూ. "అలా సుపేలా దాకా తిప్పి తీసుకురండి. ఇద్దరూ ఎల్లండి. కంగారేటి లేదు, మెల్లగా రండి."

రంగు గాలికి ఆరుతుందో నీడకి ఆరుతుందో ఆ వీడియోలన్నీ చూసిన మాకు తెలుసు. తాళం చెవి అందుకున్నాం.

ముందు సీటులో మొదటిసారి కూర్చున్నాను. సుపేలాలో జనం, ఆటోలు, బస్సుల హారన్లు, దీపాలు. రోడ్డు వార బండి దగ్గర ఆపి గుప్‌చుప్‌లు, అదే మన పానీపూరీలు, తిన్నాం. అంతకుముందు రోజు దాకా తలూపే నేను, ఆ బండివాడితో "భయ్యా, తీఖా ఔర్ డాలో" అని, కారం ఇంకా వెయ్యమని, నోరు తెరిచి అన్నాను. అతను నిజంగానే వేశాడు. నాలుక మండి, కళ్లల్లో నీళ్లొచ్చి, ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఎక్కిళ్ల మధ్య నవ్వు, నవ్వు మధ్య ఎక్కిళ్లు. "నువ్వు ముందు నీళ్లు తాగు, నీళ్లు తాగు" అంటూ ఆయన నా వెన్ను నిమురుతున్నారు. నేను తాగడం లేదు. ఇంకొంచెం సేపు ఆయన అలాగే అంటూ ఉంటే బాగుంటుందనిపించింది.